ఉక్కు చెప్పినంతే

ఏ 130: 96-99. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తరపు టవరు బయటి గోడలో నిలబడిన ఒక ఉక్కు పలక చిరునామా ఇది. ‘ఏ’ అంటే మొదటి టవరు. 130 అంటే ఉత్తరం గోడలోని 59 స్తంభాల్లో నట్టనడుమది. 101 నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే సరిగ్గా మధ్యన పడే అంకె. 96-99 అంటే ఆ పలక ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తు దాకా నిలబడాలో చెప్పే లెక్క. పక్కపక్కన మూడు స్తంభాలు, వాటిని కలుపుతూ వెడల్పాటి అడ్డపట్టీలు, మొత్తం 10 అడుగుల వెడల్పు, 36 అడుగుల ఎత్తు. ఏ పలకని ఎక్కడ బిగించాలో కట్టేవాళ్లకి తెలియాలని వేసిన గుర్తులివి. 2001 సెప్టెంబర్ 11 ఉదయం 8.46కి బోయింగ్ 767 వచ్చి గుద్దింది ఈ గోడనే. దాని మొండెం దూసుకుపోయింది ఈ నడిమి స్తంభాల మీదుగానే.

ఆ పలక తునక ఒకటి తర్వాత పాత ఇనుము గుట్టల్లో దొరికింది. విమానం తాకాక టవరు 102 నిమిషాలు నిలబడింది. ఆలోగా తీసిన ఫొటోల్లో గోడకి పడిన రంధ్రం అంచు కనిపిస్తుంది. దొరికిన తునకలోని చిరుగుల్ని ఆ అంచుతో పక్కపక్కన పెట్టి చూశారు. ఏ వంపు విమానం కొట్టినప్పటిది, ఏ వంపు కింద పడ్డప్పటిది, ఏ కోత తర్వాత గ్యాస్ కట్టర్ పెట్టింది అని విడదీశారు. ఒకే ఇనుప ముక్క మీద మూడు వేర్వేరు వేళల దెబ్బలు. వాటిని కలగలిపేయకుండా దేని లెక్క దానికి రాయడంలో నాకు ఆ దర్యాప్తు పనితనమంతా కనిపించింది.

దర్యాప్తు చేసింది అమెరికా వాణిజ్య శాఖ కిందుండే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్టాండర్డ్స్ అండ్ టెక్నాలజీ, క్లుప్తంగా నిస్ట్. 1901లో తూనికలు, కొలతల సంస్థగా పుట్టిన కార్యాలయం. నేరం ఎవరు చేశారో తేల్చడం దాని పని కాదు. ఆ భవనాలు ఎందుకు కూలాయి, లోపలివాళ్లు ఎందుకు బయటపడలేకపోయారు అన్నదే దానికి అప్పగించిన ప్రశ్న. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో చనిపోయినవాళ్లు 2,753 మంది. బిడ్డల్ని, భర్తల్ని పోగొట్టుకున్నవాళ్లు స్కైస్క్రేపర్ సేఫ్టీ క్యాంపెయిన్ పేరుతో పట్టుబట్టి అడగబట్టే ఈ దర్యాప్తుకి ఊపు వచ్చింది. 2002 ఆగస్టులో మొదలైంది. నాయకత్వం వహించిన శివరాజ్ శ్యామ్ సుందర్ ఐఐటీ ఢిల్లీలో చదివి, ఎంఐటీలో డాక్టరేట్ చేసిన స్ట్రక్చరల్ ఇంజనీరు. దాదాపు 200 మంది నిపుణులు పనిచేశారు. వెయ్యి మందికి పైగా మనుషులతో మాట్లాడారు. 7,000 వీడియో ముక్కలు, 7,000 ఫొటోలు చూశారు. 236 ఉక్కు తునకల్ని పరీక్షించారు. జంట టవర్ల నివేదిక 2005లో వచ్చింది. మొత్తం దాదాపు 10,000 పేజీలు.

అన్ని పేజీలు రాసినా కుట్ర కథనాలు ఆగలేదు. టవర్లలో ముందే పేలుడు పదార్థాలు పెట్టారనీ, విమానాలు పైకి కనిపించే నాటకమేననీ, ప్రభుత్వమే చేయించిందనీ పుస్తకాలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. తెలుగులో వాట్సాప్ ఫార్వర్డులుగా తిరిగినవీ తక్కువేం కాదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ వాదనల్లో చాలావాటి అడుగున నిజంగానే ఒక భౌతిక వస్తువో, ఒక ఫొటోనో, ఒక అంకెనో ఉంది. అందుకే వాటిని కొట్టిపారేయడం కంటే తూచి చూడటమే మర్యాద. నిస్ట్ నివేదికని నేను మెచ్చుకునేది అది కుట్రవాదుల నోరు మూయించిందని కాదు. తన సొంత ఊహల్ని కూడా అదే తక్కెడలో వేసింది. ఉక్కు ఎంత చెబితే అంతే రాసింది. అలా చేయని చోట్లు కూడా ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను.

మొదట సాక్ష్యం పోవడం గురించి. ‘ఉక్కునంతా అమ్మేశారు, దాచేశారు’ అన్నది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఆరోపణ. అందులో పస ఉంది. కూలిన టవర్లది దాదాపు 2 లక్షల టన్నుల నిర్మాణపు ఉక్కు. దాని కింద మనుషులున్నారు. వాళ్ల కోసం వెతకాలి కాబట్టి స్తంభాల్ని కోసి, లారీలకెత్తి, హడ్సన్ నదికి అవతల న్యూజెర్సీ యార్డులకీ స్టాటెన్ ఐలండ్‌లోని ఫ్రెష్ కిల్స్‌కీ పంపేశారు. అక్కణ్ణుంచి చాలా భాగం కరగడానికి పోయింది. ఓడలెక్కి ఆసియాకీ వచ్చింది. 2002 మొదట్లో కొంత చెన్నై రేవులో దిగింది. అమెరికాలోని ఫైర్ ఇంజనీరింగ్ పత్రిక 2002 జనవరిలోనే దీన్ని గట్టిగా నిలదీస్తూ రాసింది. ఆ నిలదీత న్యాయమైనదే. అయితే అదే సమయంలో న్యూయార్క్ స్ట్రక్చరల్ ఇంజనీర్ల సంఘం నుంచి కొందరు స్వచ్ఛందంగా ఆ యార్డులకి వెళ్లి, గుట్టల మధ్య తిరుగుతూ, స్తంభాల మీది అంకెలు చదివి, విమానం తాకిన అంతస్తులవీ మంటలు మండిన అంతస్తులవీ ఏరి పక్కన పెట్టించారు. మన ముందున్న 236 తునకల్లో ఎక్కువ భాగం వాళ్లు ఏరినవే. ఆ చేతులు లేకపోతే నిస్ట్ దగ్గర కంప్యూటర్ బొమ్మలు తప్ప మరేమీ ఉండేవి కావు.

ఇప్పుడు రంగు సంగతి. నివేదికలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన భాగం ఇదే. ఉక్కు ఎంత వేడెక్కిందో కాలిపోయిన కొన్నేళ్లకి ఎలా తెలుస్తుంది? బయటి స్తంభాలకి తుప్పు పట్టకుండా వేసిన ప్రైమర్ రంగుని పట్టుకున్నారు. ఆ రంగు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎండిన చెరువు అడుగులా నెర్రెలు పాస్తుంది. ఆ సంగతిని ముందు ప్రయోగశాలలో కొలిమిలో పెట్టి ఖాయం చేసుకున్నారు. తర్వాత దొరికిన పలకల మీద రంగు మిగిలిన చోట్లన్నీ, 170కి పైగా, వెతికారు. 250 డిగ్రీలు దాటి ఉండొచ్చన్న ఆనవాలు దొరికింది మూడంటే మూడు చోట్ల.

ఈ ఫలితం నిస్ట్ చెప్పబోయేదానికి ఎదురు. మంటలకి ఉక్కు మెత్తబడి టవర్లు కూలాయని తేల్చబోతున్న సంస్థకి, చేతిలో ఉన్న ఉక్కు మాత్రం ‘నేను పెద్దగా వేడెక్కలేదు’ అంటోంది. ఆ పేజీని వాళ్లు చించెయ్యలేదు. ఉన్నదున్నట్టు అచ్చువేసి, పక్కనే ఇంకో అంకె రాశారు: ఆ పలకలు మంటలున్న అంతస్తుల బయటి స్తంభాల్లో 3 శాతమే. లోపలి స్తంభాలవైతే 1 శాతమే దొరికాయి. కాబట్టి మిగతా స్తంభాలు కూడా ఇలాగే ఉన్నాయని గానీ, లేవని గానీ ఈ తునకల్ని బట్టి చెప్పడానికి లేదన్నారు. కుట్రవాదులు ఇందులో మొదటి సగం తీసుకుని ‘చూశారా, ఉక్కు వేడెక్కనేలేదు’ అంటారు. రెండో సగం కూడా అదే పేజీలో ఉంది. తనకి నష్టం చేసే అంకెనీ, దాని హద్దునీ కలిపి అచ్చువేసిన చోట నాకు ఆ రాసినవాళ్ల మీద నమ్మకం కుదిరింది.

మరి ఉక్కు నోరు విప్పని చోట ఏం చేశారు? గోడల్ని అడిగారు. ఇక్కడ ఫొటోల పని మొదలవుతుంది. ఎన్నో కెమెరాలు; వృత్తివాళ్లవి, ఎదుటి మేడల్లోంచి తీసినవాళ్లవి, పోలీసు హెలికాప్టర్లలోంచి తీసినవి. ఒక్కోదాని గడియారం ఒక్కో టైము చూపిస్తుంది. టీవీ ప్రసారాల మీది గడియారాల్ని ఆధారం చేసుకుని రెండో విమానం తాకిన క్షణాన్ని 9 గంటల 2 నిమిషాల 59 సెకన్లుగా ఖాయం చేశారు. అక్కణ్ణుంచి పొగ ఆకారాన్ని బట్టి, కిటికీల్లో మంట కదలికని బట్టి ఒక్కో ఫొటోనీ దాని సెకనుకి చేర్చారు. చివరికి నాలుగు గోడల మీద ఒక్కో కిటికీలో ఎప్పుడు మంట లేచింది, ఎప్పుడు పొగ వచ్చింది, ఎప్పుడు అద్దం పగిలింది అన్న పటం తయారైంది. కంప్యూటర్‌లో మంటని నడిపించాక ఆ మంట నిజం కిటికీల్లో కనిపించిన మంటతో ఎంతవరకు కలిసిందో ఈ పటంతో సరిచూసుకున్నారు. అంతకు ముందే మేరీలాండ్‌లోని తమ ప్రయోగశాలలో ఆఫీసు బల్లల్ని, కుర్చీల్ని, కాగితాల్ని, కంప్యూటర్లని అచ్చం ఆఫీసులో ఉన్నట్టే అమర్చి తగలబెట్టి, ఎంత వేడి పుడుతుందో కొలిచి పెట్టుకున్నారు. విమానం ఇంధనం కొద్ది నిమిషాల్లోనే కాలిపోయింది. గంటా గంటన్నర మండింది ఆఫీసు సామానే.

ఆ ఫొటోల్లోనే అసలు సాక్ష్యం బయటపడింది. ఉత్తరపు టవరు దక్షిణం గోడ లోపలికి వంగుతోంది. కూలడానికి అయిదు నిమిషాల ముందు, 10.23కి, ఆ వంపు 55 అంగుళాల దాకా ఉంది. దక్షిణపు టవరులో తూర్పు గోడ వంపు విమానం తాకిన 18 నిమిషాలకే కనిపించడం మొదలైంది, చూస్తుండగానే పెరిగింది. నాలుగున్నర అడుగులు లోపలికి వంగిన గోడని ఊహించుకోండి. ఒక్కో స్తంభం 14 అంగుళాల వెడల్పున్న ఉక్కు పెట్టె. దాన్ని నెమ్మదిగా, నిమిషాల తరబడి, లోపలికి లాగుతున్నదేమిటి?

బట్టల దండేన్ని తలుచుకుంటే అర్థమవుతుంది. తడి దుప్పట్లు వేస్తే దండెం కిందికి దిగుతుంది, రెండు వైపులా ఉన్న గుంజల్ని లోపలికి లాగుతుంది. టవర్లలో స్లాబుల్ని మోసే సన్నటి ఉక్కు చట్రాలు లోపలి స్తంభాల నుంచి బయటి గోడ దాకా 60 అడుగులు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. వేడికి అవి సాగి కుంగాయి. కుంగినా గోడని వదల్లేదు. వదలకుండా పట్టుకుని లాగాయి. విమానం దెబ్బకి లోపలి స్తంభాలు కొన్ని తెగి, మిగిలినవి మోయలేని బరువుని బయటి గోడల మీదికి తోస్తున్నాయి. ఒకవైపు మీదనుంచి బరువు, ఒకవైపు పక్కనుంచి లాగుడు. గోడ అలా విరిగింది. ‘విమాన ఇంధనం మంటకి ఉక్కు కరగదు’ అని కుట్రవాదులు అనేది నిజమే. ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీలు కావాలి, అక్కడ మంట 1,000 డిగ్రీలు దాటదు. కానీ కరగాల్సిన అవసరమేముంది? 1,000 డిగ్రీల దగ్గర అగ్నినిరోధక పూత లేని ఉక్కులో మిగిలే బలం పదో వంతే. కమ్మరి కొలిమి చూసినవాళ్లెవరికైనా మెత్తబడటానికీ కరగడానికీ తేడా తెలుసు.

ఈ వంపు అన్న సాక్ష్యం రెండు వైపులా కోసింది. పేలుడు స్తంభాన్ని క్షణంలో తెంపుతుంది తప్ప పావుగంటసేపు లోపలికి లాగదు; అలా కుట్ర వాదన దెబ్బతింది. దాంతోపాటే ప్రభుత్వం వైపు నుంచి అంతకుముందు వచ్చిన వివరణ కూడా దెబ్బతింది. 2002లో విపత్తుల నిర్వహణ సంస్థ ఫెమా ఇచ్చిన తొలి నివేదిక స్లాబులే ఊడి ఒకదాని మీద ఒకటి పడటంతో మొదలైందన్న ఊహ వైపు మొగ్గింది. టీవీల్లో అందరూ చెప్పింది అదే. నిస్ట్ ఆ చట్రాల్లాంటివి చేయించి, పూత వేయించి, కొలిమిలో పెట్టి నాలుగు పరీక్షలు నడిపించింది. దాదాపు రెండు గంటలపాటు బరువు మోశాయి, నాలుగింటిలో ఒక్కటీ కూలలేదు. స్లాబు ఊడిపోతే గోడని లోపలికి లాగేదేమీ ఉండదు. కాబట్టి తమకంటే ముందు తమవాళ్లు చెప్పినదాన్ని పక్కన పెట్టేశారు. ‘స్లాబులు పరీక్షలో నిలబడ్డాయి, మరి టవర్లెలా కూలాయి’ అని అడిగేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. పరీక్షలో పూత చెక్కుచెదరకుండా ఉంది. టవర్లో విమానం శకలాలు దూసుకుపోయిన దారిలో అది లేదు.

కొన్ని వాదనలు తేలిగ్గానే తెగుతాయి. టవరు కూలుతున్నప్పుడు కింది కిటికీల్లోంచి తన్నుకొచ్చిన ధూళి బాంబులది కాదు. మీదనుంచి పడుతున్న బరువు కింద నలిగిన గాలి దారి వెతుక్కుంది. ఏటవాలుగా నున్నగా కోసిన స్తంభం ఫొటో ఒకటి చాలామంది చూసే ఉంటారు. శిథిలాలు తొలగించేవాళ్లు గ్యాస్ కట్టర్లతో కోసింది ఆ విధంగానే. భూకంప లేఖిని సంగతి మాత్రం కాస్త నిలిచి చూడాలి. న్యూయార్క్‌కి ఉత్తరాన 34 కిలోమీటర్ల దూరంలో కొలంబియా యూనివర్సిటీ వాళ్ల లామాంట్-డోహర్టీ కేంద్రం ఆ రోజు ప్రకంపనల్ని రాసింది. కూలడం తాలూకు గీత నిటారుగా లేచింది చూడండి, అది పేలుడు అన్నారు. అది అరగంటని ఒక కాగితం మీద ఇరికించిన గ్రాఫు. అదే రికార్డుని 40 సెకన్లకి విప్పి గీస్తే, సన్నగా మొదలై మెల్లగా పెరిగి, శిథిలాలు నేలని తాకినప్పుడు పతాక స్థాయికి చేరిన అల కనిపిస్తుంది. గీత మారలేదు, కాగితం సాగింది, అంతే.

అన్నీ ఇలా తెగవు. దక్షిణపు టవరు ఈశాన్య మూల నుంచి, కూలడానికి కొన్ని నిమిషాల ముందు, పసుపుపచ్చని లోహం ధారగా కారింది. వీడియో ఉంది. థెర్మైట్ అనే ఉక్కుని కరిగించే మిశ్రమం వాడారన్న వాదనకి అదే పునాది. విమానం శకలాలు పోగుపడింది ఆ మూలే కాబట్టి అది కరిగిన అల్యూమినియం అయి ఉండవచ్చనీ, కాలుతున్న సామాను కలిసి ఆ రంగు వచ్చి ఉండవచ్చనీ నిస్ట్ అంది. ‘అయి ఉండవచ్చు’ అన్న మాట దగ్గరే ఆగింది. మరి ఉక్కు మీద థెర్మైట్ అవశేషాల కోసం వెతికారా? వెతకలేదు. ఆ సంగతి వాళ్లే రాశారు. ఒక పౌను ఉక్కుని 700 డిగ్రీలకి వేడి చేయడానికి 0.13 పౌన్ల థెర్మైట్ కావాలనీ, ఒక్కో పెద్ద స్తంభానికి వేల పౌన్లు ఎవరికీ తెలియకుండా మోసుకొచ్చి అమర్చాలనీ లెక్క చెప్పి సరిపెట్టారు. లెక్క సబబైనదే. కానీ వెతికి, లేదని చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఇంత పనితనం చూపినవాళ్లు ఆ ఒక్క పరీక్ష చేయకపోవడం నాకు బాధగానే ఉంటుంది. జంట టవర్ల దర్యాప్తు కూలడం మొదలైన క్షణంతో ఆగిపోవడం కూడా అలాంటిదే. ఆ తర్వాత మీది భాగం బరువు దిగిన వేగాన్ని కింది స్తంభాలు ఆపలేవని బజాంట్ అనే ప్రొఫెసర్ గణితంతో చూపించారు. నిస్ట్ దాని మీద ఆధారపడింది, తాను కదిపి చూపించలేదు.

అసలు కష్టం వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లోనే ఉన్న ఏడో భవనంతో వచ్చింది. 47 అంతస్తులు. దాన్ని ఏ విమానమూ తాకలేదు. అదే రోజు సాయంత్రం 5.20కి కూలిపోయింది. నివేదిక 2008 నవంబర్ దాకా రాలేదు. ఏడేళ్లు పట్టిందంటే అనుమానం రావడం సహజం. అందులో కొంత కాలం తమ ఊహల్ని తామే కొట్టేసుకోవడానికి పట్టింది. ఆ భవనంలో ఎమర్జెన్సీ జనరేటర్ల కోసం డీజిల్ ట్యాంకులున్నాయి. డీజిల్ మండి కూలిందన్నది అందరికీ నచ్చే వివరణ. పరీక్షించి, కాదన్నారు. ఉత్తరపు టవరు శకలాలు పడి దక్షిణం వైపు గోడ చీలింది. దాంతోనే మొదలైందా? కాదన్నారు. కింది అంతస్తుల్లో కరెంటు సబ్‌స్టేషన్ మీద భవనాన్ని నిలబెట్టిన పెద్ద గర్డర్లు లోపభూయిష్టమా? కాదన్నారు. చివరికి మిగిలింది మామూలు ఆఫీసు మంటలు. 7 నుంచి 9, 11 నుంచి 13 అంతస్తుల్లో ఆ మంటల్ని ఆర్పడానికి ఎవరూ లేరు. కూలిన టవర్లు వీధిలోని నీటి పైపుని తెంచేయడంతో కింది 20 అంతస్తుల స్ప్రింక్లర్లకి చుక్క నీరు రాలేదు.

వాళ్లు చెప్పిన వరస ఇది. 13వ అంతస్తులో వేడికి దూలాలు సాగాయి. కూలలేదు, కరగలేదు, పొడుగయ్యాయి, అంతే. ఆ పొడుగు ఒక గర్డర్‌ని పక్కకి నెట్టి 79వ స్తంభం దగ్గర అది కూర్చున్న సీటు మీంచి జార్చేసింది. ఆ స్లాబు పడింది, దాని కింద స్లాబులు 5వ అంతస్తు దాకా పడ్డాయి. తొమ్మిది అంతస్తుల ఎత్తున పక్కల ఏ ఆసరా లేకుండా నిలబడ్డ 79వ స్తంభం వంగిపోయింది. దాని నెత్తిమీదున్న తూర్పు పెంట్‌హౌస్ ముందు కుంగడం వీడియోల్లో కనిపిస్తుంది. బయటి గోడలు కదలడానికి ఏడు సెకన్ల ముందే అది లోపలికి పోయింది. భవనం లోపలి నుంచి తూర్పున మొదలై పడమటికి ఖాళీ అయ్యాకే గోడలు దిగాయి. పేలుడు ఊహని కూడా ఇక్కడ తూచారు. ఆ ఒక్క స్తంభాన్ని తెంపడానికి కనీసం 9 పౌన్ల ఆర్‌డీఎక్స్ కావాలి. దాని మోత అర మైలు దూరంలో 130 నుంచి 140 డెసిబెల్స్ వినపడాలి. ఆ సాయంత్రం అన్ని వైపుల నుంచీ కెమెరాలు తిరుగుతున్నాయి, ఏ ఒక్క రికార్డింగులోనూ అలాంటి మోత లేదు.

ఈ నివేదిక చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం మాత్రం నిస్ట్ ఓడిపోయినది. 2008 ఆగస్టులో విడుదల చేసిన ముసాయిదాలో, పైకప్పు 18 అంతస్తుల మేర దిగడానికి 5.4 సెకన్లు పట్టిందనీ, ఏ అడ్డూ లేకుండా పడే వస్తువుకి పట్టేది 3.9 సెకన్లేననీ, కాబట్టి ఇది స్వేచ్ఛా పతనం కాదనీ రాశారు. డేవిడ్ చాండ్లర్ అనే హైస్కూలు ఫిజిక్స్ మాస్టారు వీడియోని ఒక్కో ఫ్రేమూ కొలిచి, మధ్యలో రెండు సెకన్లకి పైగా అది అచ్చంగా స్వేచ్ఛా పతనమేనని, ఆ సగటు అంకె దాన్ని కప్పేస్తోందని బహిరంగ సమావేశంలోనే అడిగాడు. మాస్టారు పేలుళ్ల వాదన వైపు మనిషి. అయినా కొలత కొలతే. నవంబర్ తుది నివేదికలో నిస్ట్ మళ్లీ కొలిచి, కదలికని మూడు దశలుగా విడదీసింది: మొదటి 1.75 సెకన్లు నెమ్మదిగా, తర్వాత 2.25 సెకన్లు స్వేచ్ఛా పతనం, ఎనిమిది అంతస్తులు, 105 అడుగులు. ఆపైన మళ్లీ నెమ్మది. లోపలంతా అప్పటికే పోయింది, బయటి స్తంభాలు వంగిపోయాక ఆ కొద్దిసేపు ఆపేదేమీ లేదు అన్నది వాళ్ల వివరణ. చాండ్లర్ దాన్ని ఒప్పుకోలేదు. అతను ఒప్పుకోకపోయినా అతని కొలత నివేదికలో నిలిచింది. ఎదిరి పక్షం చేతిలోని తూకంరాయి సరైనదైతే దాన్ని తీసుకుని వాడుకోవడం ఇంత బాహాటంగా జరగడం నేను తక్కువ చూశాను.

కానీ ఏడో భవనం నివేదికకి ఉక్కు లేదు. అక్కణ్ణుంచి ఫలానా చోటిదని గుర్తుపట్టగల తునకని ఒక్కటీ దాచలేదు. ఫెమా నివేదిక అనుబంధంలో ఆ భవనానిదన్న ఒక తునకని వూస్టర్‌లోని ప్రొఫెసర్లు పరీక్షించి, గంధకం చేరి అంచులు కొరికేసినట్టు అరిగాయని, ఇంకా లోతుగా చూడాలని రాశారు. నిస్ట్ ఆ పని చేపట్టలేదు. గర్డర్ సీటు వెడల్పు 11 అంగుళాలని రాసి, 2012లో 12 అని దిద్దుకున్నారు. ఆ ఒక్క అంగుళం మీద విమర్శకులు ఇప్పటికీ వాదిస్తున్నారు. వాదించే హక్కు వాళ్లకుంది. అన్నిటికంటే పెద్ద లోపం, కీళ్ల దగ్గర ఏం జరిగిందో లెక్కగట్టిన కంప్యూటర్ నమూనాల్లో కొన్నిటిని బయటపెడితే ప్రజల భద్రతకి ముప్పని చెప్పి 2009లో ఇవ్వకుండా బిగబట్టారు. తూకం సరిగా ఉందన్నవాడు తక్కెడ చూపించాలి. కుట్రవాదుల సంఘం డబ్బిచ్చి అలాస్కా యూనివర్సిటీలో చేయించిన అధ్యయనం 2020లో వచ్చి, మంటల వల్ల కాదని తేల్చింది. వినపడని పేలుడు ఎలా సాధ్యమో దానిలో జవాబు లేదు. ఆ నమూనాలు అందరికీ అందుబాటులో ఉండి ఉంటే మాత్రం ఆ వాదన ఏ అంకె దగ్గర ఎంత తప్పిందో ఇంజనీరింగ్ విద్యార్థి కూడా చూపించగలిగేవాడు.

చివరగా పూత సంగతి. కుట్రవాదులు చాలా హేళన చేసిన ప్రయోగం ఇది. ఉక్కు మీద పిచికారీ చేసిన అగ్నినిరోధక పూత విమానం శకలాల తాకిడికి ఊడిపోతుందా అని తెలుసుకోవడానికి నిస్ట్ వాళ్లు పూత వేసిన ఉక్కు పలకల మీదికి షాట్‌గన్‌తో పదిహేను సార్లు కాల్చారు. గుళ్లు తగిలిన చోట పూత రాలిపోయింది. ప్రయోగం చిన్నదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని ఫలితాన్ని టవరంతటికీ పులమలేదు. శకలాలు గోడల్ని, బల్లల్ని విరిచేంత బలంగా పోయిన దారిలో మాత్రమే పూత పోయినట్టు లెక్కవేశారు. మిగతా చోట్ల ఉన్నట్టే ఉంచారు. పూత ఊడకపోయి ఉంటే టవర్లు బహుశా నిలబడేవన్నది వాళ్లు తేల్చిన మాట. ఆ మాట అక్కడితో ఆగలేదు. 2009 నాటి అంతర్జాతీయ భవన నిర్మాణ నియమావళిలో, 75 అడుగులు దాటిన భవనాల్లో పూత ఉక్కుని పట్టుకునే బలం అంతకుముందుకంటే దాదాపు మూడు రెట్లు ఉండాలనీ, 420 అడుగులు దాటితే ఏడు రెట్లు ఉండాలనీ చేర్చారు. ఆ ఎత్తు దాటిన భవనాలకి అదనంగా ఇంకో మెట్లదారి తప్పనిసరి చేశారు. ఉత్తరపు టవరులో మూడు మెట్లదారులూ మధ్యలో దగ్గరదగ్గరగా ఉండటంతో విమానం ఒక్క దెబ్బకి మూడూ తెగిపోయాయి. 92వ అంతస్తు, ఆ పైన ఉన్నవాళ్లలో ఒక్కరూ కిందికి రాలేకపోయారు.